నలభై డిగ్రీల తేడా

రొట్టెల కార్ఖానా, వెనక గది
మార్చి 3

వదిన గారికి నమస్కారం.

ఇల్లు చేరి వారమైంది. చేరానని రెండు ముక్కలు రాయడానికి వారం పట్టిందా అని మీరు కోప్పడతారు. కోప్పడండి. అన్నయ్య పోయిన ఈ ఏడాదిగా మీరు నాతో మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టారు. అది నాకు అస్సలు నచ్చలేదు. మొన్న మీ ఇంట్లో ఉన్న పది రోజుల్లో రెండు సార్లు తిట్టారు కాబట్టి మనసు కాస్త కుదుటపడింది.

ఈ వారం నా పని ఒక రొట్టెల కార్ఖానాలో. ఇక్కడి పొయ్యి రెండు వందల ఇరవై డిగ్రీలకి చేరాక తనంతట తాను ఆగాలి, చల్లబడితే మళ్ళీ వెలగాలి. అది ఆగడం మానేసి మూడేళ్ళయిందట. పొయ్యి చూసే ఆవిడ తలుపు తీసి, చెయ్యి లోపల పెట్టి, అంకెలు లెక్కపెడుతుంది. ఎనిమిది దాకా చెయ్యి ఓర్చుకుంటే పిండి పెట్టొచ్చు. ఐదుకే లాగేసుకుంటే కాసేపు ఆగాలి. నేను కొత్త థర్మోస్టాట్ బిగించి, మీటరు చూపించి, "ఇక చెయ్యి కాల్చుకోనక్కర్లేదమ్మా" అన్నాను. ఆవిడ మీటరు చూసింది. తర్వాత చెయ్యి లోపల పెట్టి ఎనిమిది లెక్కపెట్టింది. "మీ మీటరు బాగానే చెబుతోంది" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చింది. ఇరవై ఐదేళ్ళ అనుభవం నాది. ఏం చెప్పమంటారు!

సర్టిఫికెట్ అంటే గుర్తొచ్చింది. మీ ఇంట్లో మొదటి రోజు చల్లార్చే పెట్టె మీటరు మూత మీద చెయ్యి వేశానో లేదో, మీరు వచ్చి ఆ చెయ్యి మీద ఒక్కటి వేశారు. "మీ అన్నయ్య ఎలా ఉంచాడో అలాగే ఉంటుంది, ముట్టుకోకు" అన్నారు. ఇన్నేళ్ళలో పనిలో నన్ను కొట్టింది మీరొక్కరే. సరే, ఆ మీటరు సంగతి మళ్ళీ ఎత్తను.

మా ఆవిడ మీ గురించి ఒకటే అడుగుతోంది, రోజంతా ఆ వేడి గదిలో ఒక్కరూ ఏం చేస్తారని. నాకు చెప్పడం రాలేదు. మీరే రాయండి.

మీ మరిది

*

కొలిమి గది, కిటికీ పక్క బల్ల
మార్చి 21

డిగ్రీల మరిదికి,

క్షేమంగా చేరావు, సంతోషం. కోప్పడమన్నావు కాబట్టి కోప్పడుతున్నాను. నువ్వు వెళ్ళిన రోజు నీ తువ్వాలు, నీ కళ్ళద్దాల డబ్బా, ఒక చెప్పు ఇక్కడే వదిలేశావు. ఒక చెప్పుతో రైలు ఎలా ఎక్కావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చెల్లికి ఇది చదివి వినిపించు. మా దగ్గర తయారయ్యేవి బాయిలర్లకి పెట్టే గాజు గొట్టాలు. బాయిలరు లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో బయట నిలబడ్డ మనిషికి కనిపించేది ఆ గొట్టంలోనే. గొట్టం లాగే పెద్దాయన, ఆయన తమ్ముడు కొలిమి దగ్గర ఉంటారు. అక్కడి నుంచి వచ్చిన గొట్టాన్ని అలాగే బయట పెట్టేస్తే పైపైన చల్లబడిపోతుంది, లోపల మాత్రం బిగువు ఉండిపోతుంది. చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. వారానికో నెలకో, ఎవరూ ముట్టుకోకుండానే పగులుతుంది. అందుకని చల్లార్చే పెట్టెలో పెట్టి, ఒక లెక్క ప్రకారం వేడి నిలిపి గంట ఉంచి, ఆ తర్వాత రోజంతా పట్టేలా మెల్లగా దింపాలి. ఆ పెట్టె నాది. నేను చేసేదల్లా దాని పక్కన కూర్చోవడం. మీ అన్నయ్య నన్ను "పెట్టెకి కాపలా" అనేవాడు. కాపలా కాసే వాళ్ళకి జీతం ఉంటుందయ్యా అంటే నవ్వేవాడు.

ఒక సంగతి. నిన్న మధ్యాహ్నం అన్నం తింటుంటే అరమీద "టిక్" మని చప్పుడైంది. లేచి చూస్తే పోయిన వారం తీసిన గొట్టం నిలువునా చీలి ఉంది. దాని పక్కది ఈ ఉదయం చీలింది. ఇంకొకటి నేను చేతిలోకి తీసుకోగానే రెండయింది. ఇంతకాలంలో ఇలా ఎప్పుడూ కాలేదు. గాజులో ఏ రాయో పడిందని పెద్దాయన అంటున్నాడు. నీకేమైనా తోస్తే రాయి. నా తలకి ఏమీ ఎక్కడం లేదు.

వదిన

*

పాల డిపో, చల్లగది బయట
ఏప్రిల్ 4

వదిన గారికి,

చెప్పు మా ఆవిడకి దొరికింది, నా సంచిలోనే ఉంది. మీ దగ్గరున్నది అన్నయ్యదై ఉంటుంది, చూసుకోండి.

గొట్టాల గురించి ఆలోచించాను. ఒకటి, పెట్టె తలుపు అంచుకి అతికించిన నార పట్టీ అరిగిపోయి గాలి దూరుతుందేమో చూడండి. తలుపు మూసి అంచు చుట్టూ వెలిగించిన అగరుబత్తి తిప్పితే పొగ ఎటు పీల్చుకుంటుందో తెలుస్తుంది. రెండు, వచ్చిన గాజు పాతదేనా, కొత్త సరుకా అని పెద్దాయన్ని అడగండి. సరుకు మారితే కావాల్సిన వేడి కూడా మారుతుంది.

పెట్టె వేడి విషయంలో మీకు నేను చెప్పేదేముంది. ఎలాగూ మీరు మీటరుని నమ్మరు కదా. పెట్టెలో సన్నటి గాజు కడ్డీ అడ్డంగా పెట్టి, వేడికి అది నడుం వంచడం చూసి మంట పెంచడం ఆపడమే మీ ఇంటి పద్ధతి. అన్నయ్య ఆ కడ్డీ ముందు కూర్చుని "గాజే చెబుతుందిరా, మీటరు గోడకి అలంకారం" అనేవాడు. నేను గొడవ పడేవాణ్ణి.

ఇక్కడ చల్లగదిలో పాలు నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి. తొమ్మిది దాకా పోతున్నాయి. గది బాగానే ఉంది. వేడి కొలిచే ముక్కని ఎవరో మంచు గడ్డకట్టే గొట్టం పక్కన కట్టారు. అదేమో ఎప్పుడూ చలి, చలి అని చెబుతుంది, యంత్రం ఆగిపోతుంది. తప్పుడు చోట ఉన్నవాడి మాట విని గదంతా పాడవుతోంది. మూడు నిమిషాల పని, రెండు రోజులు వెతికాను.

మీ మరిది

*

కొలిమి గది
ఏప్రిల్ 19

మరిదికి,

పట్టీ బాగానే ఉంది, పొగ కదల్లేదు. సరుకు పాతదే. ఆ రెండూ కావు.

నువ్వు కడ్డీ గురించి రాశావు. నీకు ఒక సంగతి చెప్పాలి. మీ అన్నయ్య ఎవరికీ చెప్పవద్దన్నాడు, ఇప్పుడు దాచి ఏం లాభం. నేను కడ్డీ చూడలేను. నాలుగేళ్ళ క్రితమే నా కళ్ళకి ఆ సన్నం ఆనడం మానేసింది. పని మానేస్తానంటే మీ అన్నయ్య ఒప్పుకోలేదు. ఒక రోజంతా పెట్టె ముందు కూర్చుని, కడ్డీ ఎప్పుడు వంగుతుందో, అప్పుడు మీటరు ఏమంటుందో రాసుకున్నాడు. "ఈ మీటరు నలభై తక్కువ చెబుతుంది. రోజూ ఒకేలా తక్కువ చెబుతుంది కాబట్టి మనకి భయం లేదు. మనకి కావాల్సింది ఐదు వందల అరవై. నువ్వు మీటరు మీద ఐదు వందల ఇరవై దగ్గర ఆపు" అన్నాడు. మీటరు అంకెలు పెద్దవి, నాకు కనిపిస్తాయి. నాలుగేళ్ళుగా నేను అలాగే చేస్తున్నాను. నీ చెయ్యి మీద కొట్టింది కూడా అందుకే. నువ్వు దాన్ని బాగుచేస్తే నా లెక్క పోతుంది. అప్పుడు కారణం చెప్పడం ఇష్టం లేక కొట్టి ఊరుకున్నాను. చూపు తగ్గిందని నీకు చెప్పడం నామోషీ అనిపించింది.

ఇంకో పదకొండు గొట్టాలు పోయాయి.

ఐదు వందల ఇరవై దగ్గరే ఆపుతున్నానని నాకు గట్టిగా తెలుసు. కానీ, ఆపుతున్నాననుకుని ఆపడం లేదేమో అని ఈ మధ్య అనుమానం పట్టుకుంది. అందుకని గోడ మీద సుద్దముక్కతో రాస్తున్నాను. వెలిగించింది ఇన్నింటికి, ఆపింది ఇక్కడ, గంట ఉంచాను, అని. సాయంత్రం ఆ రాత చూస్తే నేను రాసిందే అనిపిస్తుంది, కానీ అక్కడున్నదే చేశానా అంటే చెప్పలేకపోతున్నాను. మా అమ్మ ఆఖరి రోజుల్లో నన్నే "నువ్వెవరమ్మా" అని అడిగింది, నీకు తెలుసుగా. నాకు భయంగా ఉంది. ఇది మా అమ్మాయికి కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

వదిన

*

ఇంటి నుంచి
మే 6

వదిన గారికి,

జవాబు ఆలస్యమైంది. పని ఒత్తిడి.

మీరు చాలా కష్టపడ్డారు. ఇక విశ్రాంతి తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. కొన్నాళ్ళు పెట్టె వెలిగించకండి. వీలు చూసుకుని నేనే వచ్చి అంతా ఒకసారి చూస్తాను. నేను వచ్చేదాకా ఆగండి. వయసులో ఇలాంటివి మామూలే, దానికి భయపడవద్దు.

మా ఆవిడ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది.

మరిది

*

అమ్మాయి ఇల్లు, వంటగది బల్ల
జూన్ 11

మరిదికి,

నీ ఉత్తరం అందింది. ఇంత పొట్టి ఉత్తరం నువ్వు ఎప్పుడూ రాయలేదు. ఒంట్లో బాగాలేదా అనుకున్నాను. పెట్టె వెలిగించవద్దన్నావు. ఎందుకో రాయలేదు. ఆసుపత్రికి గొట్టాలు ఇస్తామని మాట ఇచ్చి ఉన్నాం, పెద్దాయన కొలిమి వెలిగించాక నేను చేతులు ముడుచుకు ఎలా కూర్చోను? వెలిగించాను. అరమీద వారం రోజులు పగలకుండా నిలిచినవే పంపించాను.

పోయిన సోమవారం ఉదయం ఆసుపత్రి బట్టలు ఉతికే చోట బాయిలరు గొట్టం పేలింది. అక్కడ పనిచేసే ఆయన నీళ్ళ మట్టం చూడ్డానికి దగ్గరికి వంగాడట. కుడి చెయ్యి, మెడ కాలాయి. కన్ను దక్కింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం వల్ల దక్కింది.

విరిగిన ముక్క నాకు చూపించారు. దాని అంచున నేను గీసిన తేదీ ఉంది. మే పద్నాలుగు.

ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. మనిషి నా వయసువాడే. చేతికి మోచేతి దాకా కట్టు. నేను ఎవరో చెప్పగానే లేచి కూర్చోబోయాడు.

"మీరెందుకొచ్చారమ్మా ఇంత దూరం?"

"ఆ గొట్టం నా పెట్టెలోంచి వచ్చింది."

"ఇరవై ఏళ్ళుగా మీ గొట్టాలే పెడుతున్నాను. ఒక్కటి కూడా ఇలా పోలేదు. ఎప్పుడో ఒకటి..."

"ఎప్పుడో ఒకటి కాదు. నాకు మతిమరుపు వస్తోంది. వేడి సరిగ్గా పెట్టానో లేదో నాకే తెలియడం లేదు. తెలియకుండానే మీకు పంపించాను."

ఆయన నన్ను మంచం పక్కన కూర్చోమన్నాడు. తర్వాత, "మరి ఇంట్లో ఎవరైనా చూసుకునేవాళ్ళున్నారా మీకు?" అని అడిగాడు. కాలిన మనిషి నన్నడిగాడు ఆ మాట. నాకు తల కొట్టేసినట్టయింది.

విచారణకి వచ్చిన వాళ్ళకి కూడా అదే చెప్పాను. రాసి, సంతకం పెట్టాను. అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. నన్ను ఒంటరిగా ఉంచడానికి అమ్మాయి ఒప్పుకోలేదు. కొలిమి గది తాళం వేసి ఆమె దగ్గరే పెట్టుకుంది. నేను ఇక్కడే ఉంటున్నాను.

నువ్వు వస్తానన్నావు. రావద్దు. చూడ్డానికి ఏమీ లేదు.

వదిన

*

ఇంటి నుంచి
జూన్ 24

వదిన గారికి,

విషయం తెలిసి చాలా బాధపడ్డాను. మీరు దీన్ని మనసులో పెట్టుకోవద్దు. వయసు వల్ల జరిగిందే కానీ మీరు కావాలని చేసింది కాదు. డాక్టరు చెప్పినట్టు మాత్రలు వేసుకోండి. అమ్మాయి దగ్గరే ఉండటం అన్ని విధాలా మంచిది.

ఆ బాయిలరు ఆయనకి చెయ్యి పూర్తిగా నయమవుతుందా? తెలిస్తే రాయగలరు.

మరిది

*

అమ్మాయి ఇల్లు
ఆగస్టు 2

మరిదికి,

చెయ్యి నయమవుతుందట, వేళ్ళు మాత్రం పూర్తిగా ముడుచుకోవు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. వారానికోసారి వెళ్ళి వస్తున్నాను. అమ్మాయి తోడు వస్తుంది, నేను దారి తప్పుతానని.

ఇక్కడ నా బతుకు ఎలా ఉందో నువ్వే అడగాలి, నువ్వు అడగలేదు. నేనే చెబుతాను. పొయ్యి కట్టేశానా అని నాలుగు సార్లు వెళ్ళి చూస్తాను. నాలుగోసారి చూశానా లేదా అని ఐదోసారి వెళతాను. అమ్మాయి డబ్బాల మీద చీటీలు అంటించింది. ఉప్పు, పంచదార, బియ్యం. నేను రుచి చూసి కూడా చీటీ చదువుతున్నాను. మొన్న అల్లుడు "అత్తయ్యా, నిన్న చెప్పానుగా" అన్నాడు. నిజంగా చెప్పాడో లేదో నాకు తెలియదు. చెప్పావు బాబూ అన్నాను. ఎవరేమన్నా అవును అంటున్నాను. అలా అనడం తేలిక.

పెట్టెని అమ్మేస్తున్నాం. కుండలు చేసే ఒకాయన తీసుకుంటాడట, ఈ నెల ఇరవైన బండి తెస్తాడు. పెద్దాయన, ఆయన తమ్ముడు వేరే చోట పని చూసుకున్నారు.

ఇది రాయడానికి అసలు కారణం వేరు. మీ అన్నయ్య పోయే ముందు రోజు మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "నలభై మరచిపోకు" అన్నాడు. అంతకు మించి మాట్లాడలేకపోయాడు. అప్పటి నుంచి నేను ఆ మాట పట్టుకునే బతికాను. ఎంత ప్రాణం మీదికొచ్చినా నా పని గురించి ఆలోచించాడు కదా అని. ఇప్పుడు అది కూడా నమ్మకం కుదరడం లేదు. నలభై అన్నాడా, ఇంకేదైనా అన్నాడా? అసలు అన్నాడా, నేను కల్పించుకున్నానా? మీటరు నిజంగా నలభై తక్కువేనా, అదీ నేను అల్లుకున్నదేనా?

మీరిద్దరూ అన్నీ చెప్పుకునేవారు కదా. నీకు ఎప్పుడైనా ఆ నలభై గురించి చెప్పాడా? చెప్పకపోతే చెప్పలేదనే రాయి. నన్ను ఊరడించడానికి రాయకు.

వదిన

*

ఇంటి నుంచి
ఆగస్టు 8

వదినా,

అన్నయ్య నాకు చెప్పలేదు. కానీ మీటరు తక్కువే చెప్పేది. నలభై కాదు, నలభై రెండు. నేను కొలిచాను.

నేనే కొలిచాను, నేనే మార్చాను.

ఫిబ్రవరిలో మీ ఇంట్లో ఉన్న ఆఖరి రోజు మీరు అమ్మాయి ఇంటికి వెళ్ళిన పూట అది. పెట్టె లోపలి వేడిని మీటరుకి చేరవేసేది ఒక తీగ. ఏళ్ళ తరబడి వేడి తింటే అది అరిగి, తక్కువ చెప్పడం మొదలుపెడుతుంది. నా సంచిలో కొత్త తీగ ఉంది. నా సొంత మీటరు పెట్టి చూస్తే నలభై రెండు తేడా వచ్చింది. పాతది తీసేసి కొత్తది పెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. పాత తీగ జేబులో వేసుకున్నాను. మీరు వచ్చాక చెప్పలేదు. చెప్పినా తిడతారు, తెలియకపోతే నష్టమేముంది, మీరెలాగూ కడ్డీ చూసి ఆపుతారు కదా అనుకున్నాను. అన్నయ్య పెట్టె మీద అబద్ధం చెప్పే మీటరు ఉండటం నాకు చిన్నతనంగా అనిపించింది. అన్నయ్యకి ఏదో ఒకటి చేశాననిపించుకోవాలనుకున్నాను. ఏడాదిగా ఆయనకి నేనేమీ చేయలేదు.

ఆ రోజు నుంచి మీటరు నిజం చెబుతోంది. మీరు మాత్రం నలభై తగ్గించి ఆపుతూనే ఉన్నారు. లోపల నిజంగానే ఐదు వందల ఇరవై ఉండిపోయింది. గాజుకి అది చాలదు. బిగువు వదలదు.

మీరు ఒక్క రోజు కూడా పొరపాటు చేయలేదు. అన్నయ్య చెప్పింది చెప్పినట్టు చేశారు. అందుకే గొట్టాలు పగిలాయి.

ఇది నాకు ఎప్పుడు తెలిసిందో కూడా రాయాలి. మీ ఏప్రిల్ ఉత్తరంలో "నలభై తక్కువ" అన్న మాట చదివిన నిమిషంలోనే తెలిసింది. కాగితం తీసుకుని మొత్తం రాశాను. చింపేశాను. మళ్ళీ రాశాను. మీరు చెయ్యి మీద కొట్టి మరీ వద్దన్న పని దొంగచాటుగా చేశానని మీకు చెప్పడానికి ముఖం చెల్లలేదు. నేను వచ్చి గుట్టుగా పాత తీగ పెట్టేస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. అప్పటిదాకా మీరు వెలిగించకపోతే చాలు అనుకుని ఆ పొట్టి ఉత్తరం రాశాను. కారణం చెప్పకుండా ఆపమంటే మీరెందుకు ఆపుతారు? మే ఆరున రాశాను. ఆ గొట్టం మే పద్నాలుగుది. ఆ ఎనిమిది రోజులూ నావే.

జూన్‌లో ఆ మనిషి సంగతి రాశారు. అప్పుడైనా చెప్పాలి. అప్పటికి చెప్పడం ఇంకా కష్టమైపోయింది. వయసు వల్ల జరిగిందని మీకే రాశాను. ఆ వాక్యం రాసిన చెయ్యి నాదే అంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మీకు మతిమరుపు లేదు వదినా. ఆ మాత్రలు మానే ముందు డాక్టరుకి ఈ ఉత్తరం చూపించండి. విచారణ వాళ్ళకి కూడా ఇస్తానంటే ఇవ్వండి. పాత తీగ దీంతో పంపుతున్నాను. ఎవరి చేతనైనా కొలిపించుకోండి, నా మాట మీద నమ్మవద్దు.

మిమ్మల్ని క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

మరిది

*

కొలిమి గది
ఆగస్టు 23

పైన ఏమని పిలవాలో తెలియక వదిలేశాను.

నీ ఉత్తరం అందిన రోజు మొదట నాకు సంతోషమేసింది. అది నిజం, ఒప్పుకుంటున్నాను. వంటగదిలోకి వెళ్ళి డబ్బాల మీది చీటీలన్నీ పీకేశాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఏమైంది?" అంది. "నాకేం కాలేదే, నాకేమీ కాలేదు" అన్నాను. మీ అన్నయ్య నలభై అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అన్నాడు. నేను విన్నాను. అది చాలాసేపు చెప్పుకుంటూ కూర్చున్నాను.

కోపం మర్నాడు వచ్చింది.

తీగ మార్చినందుకు కాదు. మార్చి చెప్పకపోవడం కూడా నీ పిరికితనం అనుకుంటాను. నువ్వు చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి మంచం కింద దాచేవాడివని మీ అమ్మ చెప్పేది. కానీ నేను మా అమ్మలాగా అయిపోతానేమోనని భయంగా ఉందని నీకు రాశాను. కన్నకూతురికి చెప్పకుండా నీకు రాశాను. వయసులో ఇలాంటివి మామూలే అని నువ్వు జవాబు రాశావు. మామూలు కాదని తెలిసి రాశావు. మూడు నెలల పైచిలుకు నన్ను నేను నమ్మకుండా బతికాను. ఆ మూడు నెలల్లో నేను నమ్మింది నిన్నొక్కణ్ణే. నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చదివాను. విశ్రాంతి తీసుకోమన్నావు, మాత్రలు వేసుకోమన్నావు. నీ మర్యాద చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

విచారణ వాళ్ళకి నీ ఉత్తరం నకలు ఇచ్చాను. డాక్టరుకి చూపించాను. ఆయన మాత్రలు ఆపించాడు, కళ్ళకి మాత్రం వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. పాత తీగ కొలిపించాను. నలభై రెండే.

బాయిలరు ఆయన దగ్గరికి ఈసారి ఒక్కదాన్నే వెళ్ళాను. తప్పు నా మతిది కాదని చెప్పాను.

"అయితే మీరు బాగానే ఉన్నారన్నమాట. అదే పదివేలు" అన్నాడు.

మళ్ళీ ఆయనే, "మరి ఎవరి వల్ల?" అని అడిగాడు.

"చెప్పాల్సినవాడే వచ్చి చెబుతాడు" అన్నాను.

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు. "రమ్మనండి. నేనేమీ అననులెండి. కానీ ఒకసారి ఎదురుగా చూడాలి" అన్నాడు.

కాబట్టి నువ్వు రావాలి. ఉత్తరం రాసి ఊరుకోవడానికి వీల్లేదు. ఆయన ముందు నిలబడి, నాకు రాసినంతా, ఆ ఎనిమిది రోజులతో సహా, నోటితో చెప్పాలి. ఆయన ఏమంటాడో నాకు తెలియదు. ఏమన్నా విని నిలబడాలి.

ఇరవైన కుండలాయన బండితో వచ్చాడు. పెట్టె ఇవ్వనని పంపించేశాను. పెద్దాయనకి కబురు చేస్తే ఆ పూటే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చేశాడు. నిన్న పెట్టె వెలిగించాను. నువ్వు పెట్టిన తీగే ఉంచాను. అది నిజం చెబుతోంది, నీ మీద కోపంతో దాన్ని పీకలేను. ఈసారి ఐదు వందల అరవై దగ్గర ఆపాను. నాలుగేళ్ళ అలవాటు కదా, చెయ్యి ఇరవై దగ్గరే ఆగబోయింది. మీ అన్నయ్య చెప్పిన అంకె దాటించడానికి ఎంతసేపు పట్టిందో నీకు చెప్పినా అర్థం కాదు. దాటించాను. ఆ తర్వాత ఏడ్చాను. ఇవాళ పన్నెండు గొట్టాలు తీశాను. నెల రోజులు అరమీదే ఉంచుతాను. ఒక్కటి కూడా పగలకపోతేనే బయటికి పంపిస్తాను.

వచ్చినప్పుడు ఇంటికి రా. అన్నం పెడతాను. నీతో మునుపటిలా మాట్లాడగలనో లేదో ఇప్పుడే చెప్పలేను.

ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకో. ఇకమీదట నాకు సలహాలు రాయకు. జరిగింది రాయి. ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను.

వదిన